బాలయ్య నేయని చారలు

హరిశ్చంద్రగడ్ కోట ఎక్కి దిగివచ్చిన మరునాడు తృప్తి తన వీపు సంచిలోని సామానంతా ముందుగది నేల మీద పరిచింది. గుడారం, పడుకునే సంచి, చిన్న పొయ్యి, నీళ్ల సీసాలు, ఒక జత బట్టలు, కెమెరా, దాని రెండు లెన్సులు. తండ్రి నూలు తూచుకునే తరాజు తెచ్చి ఒక్కొక్కటే తూచి, పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. చివరికి వచ్చిన లెక్క చూసి తనకే నమ్మబుద్ధి కాలేదు. గుడారంలో తన వంతు మోత కిలోన్నర. కెమెరా, లెన్సులు కలిపి రెండు కిలోల ఆరువందల గ్రాములు.

"ఇల్లు కంటె డబ్బా బరువున్నదా ఏంది?" అన్నాడు బాలయ్య మగ్గం మీద నుంచి.

బాలయ్యకు అరవై ఆరేళ్లు. షోలాపూర్ దాజీ పేట్‌లోని ఆ సందులో మరమగ్గాల చప్పుడు పొద్దంతా వినిపిస్తూనే ఉంటుంది. చేతిమగ్గం మిగిలింది మూడిళ్లలోనే, అందులో బాలయ్యది ఒకటి. ఆయన భార్య యమునాబాయి గడప పక్కన కూర్చుని బీడీలు చుడుతుంది. వాళ్ల ఒక్కతే కూతురు తృప్తికి ఇరవై తొమ్మిదేళ్లు. తువ్వాళ్లు తయారుచేసే కంపెనీలో డిజైన్లు గీస్తుంది. కంప్యూటరు తెర నిండా గళ్లుంటాయి. ఒక్కో గడిలో రంగు నింపితే అదే రేపు తువ్వాలులో ఒక పోగు అవుతుంది. మూడేళ్లుగా స్నేహితురాలు సాక్షితో కలిసి, సెలవులు దొరికినప్పుడల్లా సంచి వీపున వేసుకుని సహ్యాద్రి కోటలు తిరుగుతోంది.

ఈసారి మంచి ఫొటోలు రావాలని ఆఫీసులో తువ్వాళ్ల ఫొటోలు తీసే పెద్ద కెమెరా అడిగి తీసుకెళ్లింది. అదే పొరపాటైంది.

"మరి ఫొటోలు మంచిగొచ్చినయా?" అడిగాడు బాలయ్య.

తృప్తి దాచలేదు. "మూడు రోజులల్ల పదకొండు సార్లే బయటికి తీసిన నాయినా. సంచి దింపాలె, జిప్పు తియ్యాలె, లెన్స్ మార్చాలె. అంతల మబ్బు ఎల్లిపోతుండె. ఆఖరి రోజు మెడల ఏసుకున్న. రాయి పట్టుకుని దిగేటప్పుడు ఊగిపోయి బండకు కొట్టుకున్నది."

"పలిగిందా?"

"లెన్స్‌కు ముందల ఒక రక్షణ అద్దం ఉంటది. అది పలిగింది. కొత్తది ఏయించి ఇచ్చిన."

"అద్దం సంగతి ఇడువు. నీకు దెబ్బ తాకిందా?" అంది యమునాబాయి తల ఎత్తకుండానే.

"లే అమ్మా."

ఆ రోజే తృప్తి సొంత కెమెరా కొనుక్కోవాలని నిశ్చయించుకుంది. అది తేలికగా ఉండాలి. ఎంత తేలికగా? ఈ ప్రశ్న ఆమెను పట్టుకుంది. ఇంటర్నెట్లో ఒకరు అరకిలో అంటారు, ఇంకొకరు కిలో అయినా పరవాలేదంటారు. ఎవరి భుజాలు వాళ్లవి. తన భుజం ఏమంటుందో తనే తేల్చుకోవాలనుకుంది.

మరుసటి ఆదివారం పొద్దున ఆమె ఒక గుడ్డసంచిలో నూలు కండెలు నింపి, తరాజులో అరకిలోకు సరిచేసి, వీపు సంచి పట్టీకి ఛాతీ దగ్గర తగిలించుకుంది. డాబా మెట్లు ఇరవై సార్లు ఎక్కి దిగింది. తరువాత ఆరువందలు, ఏడువందలు, తొమ్మిదివందలు. యమునాబాయి కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"పోరికి పిచ్చి లేసినట్టున్నది. డాబా మీద ఏం దాచిపెట్టినవే, గిన్ని సార్లు తిరుగుతున్నవ్?"

"లెక్క చూస్తున్నమ్మా. థాంబ్ జరా, జర ఆగు."

లెక్క తేలింది. ఏడువందల గ్రాముల దాకా ఛాతీ మీద బరువుందన్న సంగతే మరిచిపోతోంది. తొమ్మిదివందలు దాటితే చెయ్యి దానంతటదే వెళ్లి సంచిని పట్టుకుంటోంది. కొండ మీద చెయ్యి రాయిని పట్టుకోవాలి, కెమెరాను కాదు. అందుకని ఏడువందలే తన హద్దు అని కాగితం మీద రాసి కింద గీత గీసింది.

ఇక ఎలాంటి లెన్స్ అన్నది రెండో ప్రశ్న. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్స్ కావాలని ఆమెకు ఎప్పటి నుంచో ఆశ. కానీ కొనే ముందు మూడేళ్లలో తీసిన ఫొటోలన్నీ ఒకసారి తిరగేసింది. ఫోనులోవి, పెద్ద కెమెరాతో తీసినవి, మొత్తం పద్దెనిమిది వందల పైచిలుకు. ప్రతి ఫొటోలోనూ అది ఎంత దూరపు లెన్స్‌తో తీసిందో నమోదై ఉంటుంది. రెండు సాయంత్రాలు కూర్చుని వాటిని వేరుచేస్తే ఒక వింత బయటపడింది. చాలా దూరానివి ఇరవై ఆరే ఉన్నాయి. ఆ ఇరవై ఆరులో ఇరవై రెండు ఒకే గద్దవి, అదీ ఆవగింజంత. మిగిలినవాటిలో చాలావరకు దగ్గరివే. అరిగిన మెట్టు, రాతి సందులో మొలిచిన గడ్డి, చాయ్ అమ్మే ఆమె చేతులు, సాక్షి బూటుకు అంటిన ఎర్రమట్టి.

సాక్షికి ఫోను చేసి చెప్పింది. "నాకు దూరంవి ఇష్టమని ఇన్ని దినాలు అనుకున్న. నేను తీసేటియన్ని నా కాళ్లకాడివే."

సాక్షి నవ్వింది. "నువ్వు నడుసుకుంట నడుసుకుంట ఒంగి కూసుంటవు కదనే. నీ కోసం ఆగి ఆగి నా కాళ్లు గుంజుతయి. నన్నడిగితే ఫస్టుకే చెప్తుంటి."

*

విడీ ఘర్కుల్ కాలనీలో సౌరభ్‌కు ఒక చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు, పాత కెమెరాలు కొని బాగుచేసి అమ్ముతాడు. తృప్తి కన్నా రెండేళ్లు చిన్నవాడు కాబట్టి ఆమెను తాయీ, అంటే అక్కా, అని పిలుస్తాడు. ఆమె చెప్పిందంతా విని, అల్మారాలోంచి అరచేతిలో పట్టేంత కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మిర్రర్‌లెస్, తాయీ. లోపల అద్దం ఉండది కాబట్టి గింత చిన్నగున్నది. మూడువందల ఎనభై గ్రాములు. దీనికి నా దగ్గర రెండు లెన్సులున్నయి."

ఒకటి జూమ్. గుండ్రంగా తిప్పితే వెడల్పు దృశ్యం నుంచి దూరపు కొండ దాకా అన్నీ అందుతాయి. బరువు నాలుగువందల తొంభై. రెండోది బిస్కెట్టు అంత పల్చనిది. దాన్ని తిప్పితే దగ్గరికీ పోదు, దూరానికీ పోదు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్లాలి. బరువు నూటఇరవై.

"జూమే మంచిది, తాయీ. ఒక్క లెన్స్‌ల అన్ని వస్తయి," అన్నాడు సౌరభ్. "చిన్నదాన్ని ఇద్దరు తీస్కపోయి వాపస్ తెచ్చిండ్రు."

"ఎందుకు?"

"సూట్ల మీద, చీరల మీద రంగుల అలలు వస్తయి. పెండ్లిల పిల్లగాని సూటు మీద ఇంద్రధనుస్సు కనబడ్డదనుకో, ఎవరూరుకుంటరు? వేరే లెన్సులకు గుడ ఎప్పుడన్న వస్తది గని దీనికి జ్యాదా."

"ఎందుకొస్తయవి?"

సౌరభ్ భుజాలు ఎగరేశాడు. "ఎందుకో నాకు తెల్వది. వస్తే రెండడుగులు ఎనకకు జరుగుత. పోతయి. రెండూ తీస్కపో, ఆదివారం దాకా చూడు. ఏది నచ్చితే అది ఉంచుకో."

తృప్తి రెండూ ఇంటికి తెచ్చింది. కూడిక ముందే తేలిపోయింది. జూమ్‌తో కలిపితే ఎనిమిదివందల డెబ్భై, తన హద్దు దాటింది. చిన్నదానితో సరిగ్గా ఐదువందలు. బరువు ఒకటే చూస్తే చిన్నదే గెలుస్తుంది. కానీ ఇద్దరు వద్దని తిరిగిచ్చిన లెన్స్ ఎలా కొనడం? దాన్ని పరీక్షించాలి.

బుధవారం ఆఫీసుకు సెలవు. ఎండ వాకిట్లోకి సమంగా పడే వేళ చూసుకుని, గోడకు ఏదైనా సన్నని నేత బట్ట తగిలించి ఫొటో తియ్యాలనుకుంది. బట్టలో పోగులు నడుమా అంచుల్లోనూ ఒకేలా స్పష్టంగా వస్తే లెన్స్ మంచిదన్నట్టు. తండ్రిని అడిగింది.

బాలయ్య పెట్టె తెరిచి ఒక బూడిదరంగు పంచె తీశాడు. "ఇది పెట్టు. దీనికంటె సన్నంది ఇంట్ల లేదు."

దూరం నుంచి అది వట్టి బూడిదరంగే. దగ్గరికి వెళితే అసలు సంగతి తెలుస్తుంది. ఒక పోగు నలుపు, ఒక పోగు తెలుపు, అంగుళానికి ఎనభై పోగులు. రెండు రంగులూ కంటిలో కలిసిపోయి బూడిదలా కనిపిస్తాయి. పంచెను గోడకు రెండు మేకులతో బిగించి కట్టి, తృప్తి ఏడడుగుల దూరంలో నిలబడి చిన్న లెన్స్‌తో ఒక ఫొటో తీసింది. ల్యాప్‌టాప్‌లో వేసి చూసి నోరు తెరిచింది.

పంచె మీద అలలు. నీళ్ల మీద నూనె పడితే వచ్చే రంగుల్లా గులాబీ, ఆకుపచ్చ, పసుపు చారలు వంపులు తిరుగుతూ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పాకుతున్నాయి.

"నాయినా, జర ఇటు రా."

బాలయ్య మగ్గం దిగి వచ్చి తెర మీదికి వంగాడు. తరువాత గోడ మీది పంచె దగ్గరికి వెళ్లి అరచేత్తో తడిమాడు. మళ్లీ తెర దగ్గరికి వచ్చాడు.

"గీ చారలు నేను నేయలే."

"నువ్వు నేయలేదు నాయినా. లెన్స్ ఖరాబున్నది. సౌరభ్ చెప్పిండు."

"ఖరాబుంటే మసక రావాలె గద? గీతలు పడాలె. గిట్ల వరసగ, లెక్క పెట్టినట్టు ఎట్లొస్తయి?" బాలయ్య వేలితో తెర మీది ఒక అలను దాని వంపు వెంటే నడిపించాడు. "ఇది ఎవరో నేసినట్టే ఉన్నది. ఇంకో ఫొటో తియ్యి. జర దగ్గరికొచ్చి."

ఆ రోజు మగ్గం మళ్లీ ఆడలేదు. బాలయ్య సుద్దముక్క తెచ్చి గోడ నుంచి అడుగు అడుగుకూ నేల మీద గీత గీశాడు. తృప్తి ఒక్కో గీత మీద నిలబడి ఒక్కో ఫొటో తీసింది. నాలుగడుగుల దగ్గర అలలు లేవు. తెర మీద పెద్దది చేస్తే నల్లపోగు, తెల్లపోగు వేరువేరుగా కనిపించాయి. ఆరడుగుల దగ్గర సన్నని అలలు మొదలయ్యాయి. ఏడు దగ్గర అవి చెయ్యంత వెడల్పయ్యాయి. పన్నెండుకు వెళ్లేసరికి సన్నబడి దాదాపు మాయమయ్యాయి.

"ఇప్పుడు ఆ పెద్దది పెట్టు," అన్నాడు బాలయ్య.

జూమ్ లెన్స్ పెట్టి, చిన్నదానంత వెడల్పుకే తిప్పి, అదే ఏడో గీత మీద నిలబడి తీసింది. అలలు ఒక్కటీ లేవు. పంచె బూడిదరంగులో నున్నగా, ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

"చూసినవా? జూమే మంచిదన్నట్టు," అంది తృప్తి. ఆమెకు కొంచెం దిగులు వేసింది. ఆ బిస్కెట్టంత లెన్స్ మీద అప్పటికే మనసు పడింది.

"నాలుగో గీత మీదకెళ్లి తియ్యి దానితోని గుడ."

తీసింది. తెర మీద పెద్దది చేసింది. నడుమ పోగులు కనిపించాయి. అంచులకు వెళ్లేకొద్దీ నలుపూ తెలుపూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ముద్దయ్యాయి. చిన్న లెన్స్ తీసిన ఫొటోలో అదే మూల తెరిస్తే ఒక్కో పోగు నూలు పీచుతో సహా నిలబడి ఉంది.

బాలయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టించాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తృప్తికి తండ్రి ముఖంలో ఒక తీరు గుర్తుపట్టడం చిన్నప్పటి నుంచి తెలుసు. మగ్గంలో ఎక్కడో ఒక పోగు తెగి, అదెక్కడో కనిపించనప్పుడు ఆయన ఇలాగే ఊపిరి బిగబట్టి చూస్తాడు.

"ఒక మాట చెప్పు బిడ్డా. కెమెరా లోపల బొమ్మ దేని మీద పడ్తది?"

"సెన్సర్ అని ఒక చిన్న పలక ఉంటది. దాని మీద చిన్నచిన్న గళ్లు. ఆఫీసుల నేను డిజైన్ గీసే గళ్లు చూసినవు గద, గట్లనే. అడ్డం ఆరువేలు, నిలువు నాలుగువేలు."

"వరసగనే ఉంటయా?"

"బరోబర్ వరసగనే."

బాలయ్య లేచి అటక మీద వెతికి రెండు పాత పన్నెలు దించాడు. పన్నె అంటే మగ్గంలో పోగులను విడివిడిగా పట్టి ఉంచే పొడుగాటి దువ్వెన లాంటిది. సన్నని పుల్లల నడుమ సందులుంటాయి, ఒక్కో సందులోంచి పోగులు పోతాయి. ఒకటి మోటు బట్టకు, ఇంకొకటి కాస్త సన్నని బట్టకు. వాటి మీది దుమ్ము దులిపి, వాకిట్లో వెలుగుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి ఆనించి పట్టుకున్నాడు.

"ఇటొచ్చి చూడు."

తృప్తి చూసింది. రెండు పన్నెల నడుమ నల్లని పట్టీలు కనిపిస్తున్నాయి. ఏ పన్నెలోనూ లేని పట్టీలు. బాలయ్య ఒకదాన్ని వెంట్రుకవాసి జరిపితే ఆ పట్టీలు బారెడు దూరం పరుగెత్తాయి. కొంచెం వంకరగా తిప్పితే అవి కూడా వంగాయి, అచ్చం తెర మీది అలల్లాగే.

"నేను పని నేర్చుకునే కాలంల ఇట్ల ఆడుకుంటుంటిమి," అన్నాడు బాలయ్య. "రెండింటి లెక్క ఒక్కటే ఉంటే ఏం కనబడది. లెక్క జర తప్పుంటే గిట్లొస్తది. ఇప్పుడు చెప్పు, నీ కెమెరాల గుడ పన్నె ఉన్నట్టే గద?"

తృప్తి ఆ పన్నెలు తన చేతుల్లోకి తీసుకుంది. జరిపింది, తిప్పింది. మనసులో ఒక్కొక్కటే పేర్చుకుంది. ఒక పన్నె కెమెరాలోని గళ్లు. ఇంకో పన్నె పంచెలోని పోగులు. ఏడడుగుల దగ్గర రెండింటి లెక్క ఒకదానికొకటి దగ్గరగా వస్తోంది, కానీ సరిగ్గా కలవడం లేదు. అందుకే అలలు.

"మరి జూమ్‌తోని ఎందుకు రాలే?" అని అడిగి, అడుగుతుండగానే జవాబు తోచి ఆగిపోయింది.

బాలయ్య నవ్వాడు. "పెద్దది పోగులనే చూడలేదు బిడ్డా. పోగులే లేనప్పుడు చారలు యాడికెళ్లి వస్తయి? ఒక్క పన్నెతోని పట్టీలు రావు."

"అంటే ఈ చిన్నది..."

"కంటి చూపు జ్యాదున్నది దానికి. వాపస్ ఇచ్చినోళ్లకు గది ఎరుక లేదు."

గడప దగ్గర నుంచి యమునాబాయి అడిగింది. "మరి కొండ మీద గుడ రంగులు పడితే ఎట్లనే? రాళ్లన్ని గులాబి కనబడితే?"

తృప్తి ఆలోచించింది. తేలిగ్గా తీసెయ్యాల్సిన ప్రశ్న కాదు. కెమెరా పట్టుకుని సందులోకి వెళ్లి పాత రాతిగోడ, వేపకొమ్మ, ఇసుకకుప్ప, పక్కింటి మేక, అన్నీ తీసింది. ఎక్కడా అలలు లేవు. ఎదురింటి కిటికీ దోమతెర మీద మాత్రం ఒక చిన్న అల కనిపించింది. తిరిగొచ్చి తల్లికి చెప్పింది. "రాయి, గడ్డి ఎవరు లెక్కపెట్టి నేయలే కదమ్మా. వాటి మీద రాదు. మనిషి లెక్కపెట్టి చేసిందాని మీదనే వస్తది. అది గుడ ఎప్పుడన్న."

ఆదివారం నాడు తృప్తి జూమ్ లెన్స్ తిరిగిచ్చి, కెమెరా, చిన్న లెన్స్ ఉంచుకుంటానంది. తండ్రి కూడా వెంట వెళ్లాడు, రెండు పన్నెలు సంచిలో పెట్టుకుని. స్టూడియో వాకిట్లో వాటిని వెలుగుకు పట్టి చూపిస్తే సౌరభ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అయ్యో, కాకా! ఎనిమిదేండ్ల సంది ఎనకకు జరుగుకుంట ఒచ్చిన. ఎందుకు జరుగుతున్ననో ఇయ్యాల ఎరుకైంది."

తరువాత అతను వెడల్పు దృశ్యాలకు పనికొస్తుందని ఇంకో చిన్న లెన్స్ కూడా చూపించాడు. నూటయాభై గ్రాములు. దాన్ని కలిపినా ఆరువందల యాభై, హద్దులోనే ఉంది. తృప్తి చేతిలో పట్టుకుని కాసేపు ఊగిసలాడింది. అయితే తన ఫొటోల్లో వెడల్పువి చాలావరకు ఫోనుతోనే తీసినవి, అవి బాగానే ఉన్నాయి. లెన్స్ మార్చాలంటే మళ్లీ సంచి దింపాలి. దానికి బదులు అదనపు బ్యాటరీలు రెండు తీసుకుంది.

*

నవంబరులో తృప్తి, సాక్షి నాలుగు రోజుల నడక పెట్టుకున్నారు. రాజ్‌గడ్ ఎక్కి, కొండ వెన్ను మీదుగా తోరణ కోట చేరి, అక్కడి నుంచి రాయ్‌గడ్ వైపు దిగడం. కెమెరా ఛాతీ దగ్గర పట్టీకి తగిలించిన చిన్న గుడ్డసంచిలో ఉంది. తీయడానికి ఒక చెయ్యి చాలు. మొదటి రోజు సాయంత్రానికే నూరు ఫొటోలు దాటాయి.

రెండో రోజు ఒక దెబ్బ తగిలింది. తోరణ వైపు వెళ్లే సన్నని దారిలో, లోయ పక్కన, ఒక పెద్ద రాబందు వాళ్ల కళ్లకు సమంగా గాలిలో నిలబడింది. రెక్క కదల్చకుండా దాదాపు రెండు నిమిషాలు అలాగే ఉంది. తృప్తి చిన్న లెన్స్‌తో తీసింది. తెర మీద అది వడ్లగింజ అంత.

"జూమ్ ఉంటే దాని కన్ను కనబడుతుండె," అంది సాక్షి.

"అవును," అంది తృప్తి. ఆమెకు నిజంగానే బాధ కలిగింది. ఏడిపించే బాధ కాదు గానీ, ఆ పూటంతా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. కెమెరా సంచిలో పెట్టి, ఆ పక్షి లోయలోకి వాలిపోయేదాకా ఊరికే చూస్తూ నిలబడింది.

మూడో రోజు మధ్యాహ్నం కొండ దిగువన నాలుగిళ్ల వాడ ఒకటి వచ్చింది. నీళ్ల కోసం ఆగారు. ఒక ఇంటి అరుగు మీద డెబ్భై ఏళ్ల ముసలాయన నల్లని ఘోంగడి భుజాన వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఘోంగడి అంటే గొర్రె ఉన్నితో నేసిన ముతక కంబళి. వానకూ చలికీ గొర్రెలు కాసేవాళ్లకు అదే రక్ష. ఆయన పేరు ధోండిబా.

తృప్తికి ఫొటో తియ్యాలనిపించింది. జూమ్ ఉంటే తాము ఆగిన చెట్టు కింద నుంచే తీసి వెళ్లిపోయేది. ఈ లెన్స్‌తో మూడడుగుల దగ్గరికి వెళ్లాలి. మూడడుగుల దగ్గరికి వెళ్లాక మాట్లాడకుండా ఉండలేం. మరాఠీలో పలకరించి, ఫొటో తీసుకోవచ్చా అని అడిగింది. ఏ ఊరు, ఏం పని అని ఆయన అడిగాడు. షోలాపూర్ అనీ, తండ్రి మగ్గం నేస్తాడనీ చెప్పింది. ఆ మాట వినగానే ధోండిబా ఘోంగడి తీసి, బిడ్డను చూపించినట్టు ఒళ్లో పరిచి చూపించాడు. ముప్పై ఏళ్లుగా వాడుతున్నాడట, ఒక్క చుక్క వాన లోపలికి దిగలేదట. తృప్తి ఆయన ముఖాన్ని, చేతులను, భుజం మీది ఉన్నిని తీసింది. వాళ్లు బయలుదేరే వేళకు ఆయన భార్య చాయ్ ఇచ్చింది.

ఇంటికి వచ్చాక ఆ ఫొటోలు ల్యాప్‌టాప్‌లో వేసి అమ్మానాన్నలకు చూపించింది. ధోండిబా ఫొటో రాగానే యమునాబాయి, "మంచి మొఖమే," అంది. బాలయ్య మాత్రం తెర దగ్గరికి వంగాడు.

"ఆగు. భుజం కాడ పెద్దగ చెయ్యి."

పెద్దది చేసింది. ఉన్ని పీచు పీచుగా కనిపించింది. ఘోంగడి రెండు సన్న పట్టీలు కలిపి చేసింది. నడుమ అతుకు ఉండాలి. కానీ కుట్టు కనిపించడం లేదు. ఒక పట్టీ అంచు ఇంకో పట్టీ అంచులోకి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చి, ఎక్కడ ఏది ముగిసిందో తెలియకుండా కలిసిపోయింది.

"ఇది ఎట్ల కలిపిండ్రు?" అన్నాడు బాలయ్య. "సూది పోయినట్టు లేదు. మగ్గం మీద గుడ ఇట్ల కాదు. ఎవరు చేసిండ్రు?"

"అడగలే నాయినా."

"అడగలేదా?" ఆయన గొంతులో నిజమైన విసుగు. "చాయ్ తాగినవు, వాన ముచ్చట ఇన్నవు, అసలుది అడగలే?"

తృప్తికి నవ్వూ, సిగ్గూ కలిసి వచ్చాయి. మూడేళ్లుగా ఆమె కొండలకు వెళ్లి వస్తూనే ఉంది. జాగ్రత్తగా వచ్చావా అని తప్ప ఆయన ఎన్నడూ ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు ఆ ఒక్క అతుకు గురించి వరసగా నాలుగు రోజులు అడిగాడు. ఉన్ని తడిపి ఉంటారా? అంచు పోగులు ముందే వదిలేసి ఉంటారా? ఐదో రోజు అన్నం తింటూ, "ఆ వాడకు జీపు పోతదా?" అన్నాడు.

"సగం దాకా పోతది. అక్కడికెళ్లి గంట నడవాలె. ఎత్తు."

"గంటనే గద."

"నీ మోకాళ్లు?" అంది యమునాబాయి.

"మోకాళ్లను అడిగే పోత."

డిసెంబరు రెండో వారంలో తండ్రీకూతుళ్లు పుణె దాకా రైలులో, అక్కడి నుంచి బస్సులో, జీపులో వెళ్లారు. తృప్తి గంటలో నడిచిన దారికి బాలయ్యకు రెండున్నర గంటలు పట్టింది. ప్రతి మలుపు దగ్గరా కూర్చున్నాడు. కూర్చున్న ప్రతిచోటా ఏదో ఒకటి అడిగాడు. ఈ గడ్డి పేరేంది, ఆ రాయి ఎందుకు నల్లగున్నది, ఈ నీళ్లు ఎటు పోతయి. తృప్తి తనకు తెలిసినంత చెప్పింది. ఆయన అడగడం మానలేదు.

ధోండిబా వాళ్లను చూసి అరుగు మీద నుంచి లేచాడు. బాలయ్యకు మరాఠీ బాగానే వచ్చు. అయినా కొండ మరాఠీ ఒక్కోచోట అందలేదు, తృప్తి అందించింది. ఘోంగడి నేసిన మనిషి పోయి పదేళ్లయిందట. బాలయ్య ముఖం వాడిపోయింది. అప్పుడు ధోండిబా భార్య చంద్రభాగ లోపలి నుంచి వచ్చి, నేసింది ఆ పోయిన మనిషే కానీ రెండు పట్టీలు కలిపింది తానేనని చెప్పింది. ఆ పని ఎప్పుడూ ఇంట్లో ఆడవాళ్లదేనట.

ఆమె రెండు ఉన్ని ముక్కలు, ఒక వెదురు పుల్ల తెచ్చి అరుగు మీద కూర్చుంది. పుల్ల కొనతో ఒక అంచులోని పోగును చిన్న ఉచ్చులా లాగి, దానిలోంచి ఇంకో అంచు పోగును తీసి, వేలితో ఒక మెలిక వేసింది. తరువాతి పోగు. ఆ తరువాతిది. ఆమె వేళ్లు ఎంత వేగంగా కదిలాయంటే తృప్తి కెమెరా పట్టుకుని రెండడుగుల దగ్గర ఉండి కూడా ఏ పోగు ఎటు వెళ్లిందో చెప్పలేకపోయింది.

బాలయ్య నేల మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. నొప్పి పుట్టి ఉంటుంది గానీ ఆ సంగతి ఆయన గమనించినట్టు లేదు. చంద్రభాగ ముందున్న ముక్కను తన వైపు తిప్పుకుని, కలిపిన మెలికను గోటితో విప్పి, మళ్లీ వెయ్యబోయాడు. తప్పింది. ఆమె ఫక్కున నవ్వింది.

"పున్హా దాఖవా, బాయి. హళూ హళూ," అన్నాడు బాలయ్య. మళ్లీ చూపించమని, మెల్లగా చూపించమని.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ముక్క అంచు జారిపోతుంటే పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావలసి వచ్చింది. తృప్తి కెమెరా అరుగు మీద పెట్టి, తండ్రి పక్కన కూర్చుని ఆ అంచు పట్టుకుంది.